పొందూరు నూలు, బొట్టుబిళ్ళలు: ఎంఆర్ఎన్ఏ పాఠం చేతికి తెలిసేలా

శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకి జువాలజీ చెబుతాను. మాది పొందూరు పక్క ఊరు. మా అమ్మ ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి ఏకి నూలు వడుకుతుంది. జన్యువు నుంచి ప్రొటీన్ తయారీకి సందేశం మోసే అణువు ఎంఆర్ఎన్ఏ. ప్రొటీన్లకి అంటుకునే ఫాస్ఫేట్ లాంటి చిన్న రసాయన గుంపులు ఆ ఎంఆర్ఎన్ఏ బతుకునీ, ప్రొటీన్ తయారీనీ ఎలా మారుస్తాయో చెప్పే పాఠం ఇది. దీనికి కావలసిన సరుకు సగం అమ్మ దగ్గరే దొరికింది.

మొదట్లో నేను బోర్డు మీద బాణాలు గీసి చెప్పేదాన్ని. "ప్రొటీన్‌కి ఫాస్ఫేట్ తగిలితే పని మొదలవుతుంది, ఊడితే ఆగుతుంది" అని నోట్సు కూడా రాయించాను. అది తప్పు. ఒక ఏడాది ఇంటర్నల్ పేపర్లు దిద్దుతుంటే ఇఐఎఫ్2 (ప్రొటీన్ తయారీని మొదలుపెట్టే ప్రొటీన్) ప్రశ్నకి క్లాసులో దాదాపు అందరూ "ఫాస్ఫేట్ చేరితే ప్రొటీన్ తయారీ పెరుగుతుంది" అని రాశారు. జరిగేది సరిగ్గా దానికి వ్యతిరేకం. పిల్లలు నేను చెప్పిందే రాశారు కాబట్టి మార్కులు కొయ్యడానికి చెయ్యి రాలేదు. ఆ వేసవిలో కూర్చుని ఈ నమూనా కట్టాను. ఇంటర్, డిగ్రీ పిల్లలకి చెప్పే ఎవరైనా దీన్ని ఒక మధ్యాహ్నంలో తయారు చేసుకోవచ్చు.

ముందుగా నూలు. రెండు మీటర్లు చాలు. పొందూరు నూలు బాగా సన్నం, పూసల బరువుకి తెగిపోతుంది. నేను తెంపుకుంటూ కూర్చుంటే అమ్మ చూసి, "ఒంటిపోగు ఆగదే పిల్లా, మూడు పోగులు పేని కట్టు" అంది. అలాగే పేనండి. అదే మీ ఎంఆర్ఎన్ఏ. ఒక కొసకి నీలం పూస ఒకటి కట్టండి, అది టోపీ, అంటే క్యాప్. రెండో కొసకి తెల్లపూసలు 25 గుచ్చి చివర ముడెయ్యండి. ఒక్కో పూసకి పది ఏలు అని లెక్క (ఆర్ఎన్ఏ రాసే నాలుగు అక్షరాలు ఏ, యూ, జీ, సీలలో ఒకటి ఏ). క్షీరదాల కణాల్లో కొత్తగా తయారైన ఎంఆర్ఎన్ఏకి 200 నుంచి 250 ఏల దాకా తోక ఉంటుంది కాబట్టి లెక్క సరిపోతుంది. తోకకి జానెడు ముందు, ప్రొటీన్ సందేశం ముగిసిపోయిన భాగంలో, నూలు మీద పసుపు రాసి గుర్తు పెట్టండి. అక్కడ యూలు, ఏలు ఎక్కువగా ఉండే వరుస ఉందనుకోవాలి. ఒంట్లో వాపు, మంట పుట్టించే టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ ఎంఆర్ఎన్ఏలో ఆ వరుస నిజంగానే ఉంది. మన నూలు దానిదే.

ఇప్పుడు బట్టలకి పెట్టే చెక్క క్లిప్పు ఒకటి తీసుకోండి. దాని పేరు ట్రిస్టెట్రాప్రోలిన్, పొట్టిగా టీటీపీ. ఆ పసుపు వరుసని పట్టుకునే ప్రొటీన్ ఇది. క్లిప్పు మీద రెండు చోట్ల పెన్సిల్‌తో సున్నాలు చుట్టండి. ఎలుక టీటీపీలో 52వ, 178వ స్థానాల్లో ఉండే అమైనో ఆమ్లాలు, సెరిన్‌లు ఇవే. క్లిప్పుకి ఒక పిన్నీసు తగిలించి, కత్తెరకి పురికొస కట్టి పక్కన పెట్టండి. కత్తెర అంటే సీసీఆర్4-నాట్ అనే ఎంజైముల గుంపు. తోక కోసేది అదే.

మొదటి ఆట బొట్టు, అంటే ఫాస్ఫేట్, లేకుండా ఆడించండి. క్లిప్పు పసుపు గుర్తుని పట్టుకుంటుంది, కత్తెర పురికొస పిన్నీసుకి తగులుకుంటుంది. తోక చివరి ముడి తెంపి పూసలు ఒక్కొక్కటే జార్చండి. తొందరపడొద్దు, పిల్లల చేతే జార్పించండి. తోక బాగా పొట్టిదయ్యాక నీలం పూస ఊడదీసి, ఆ కొస నుంచి పేనిన పోగులు విప్పేయండి. ఎంఆర్ఎన్ఏ పోయింది, ఇక టీఎన్‌ఎఫ్ తయారీ లేదు.

మళ్ళీ పేని, పూసలు గుచ్చి, రెండో ఆట మొదలుపెట్టండి. కణం బయట బాక్టీరియా జాడ కనపడింది. లోపల పీ38 అనే కైనేజ్ (ఫాస్ఫేట్ అంటించే ఎంజైము) మేలుకుంది, అది ఎంకే2 అనే ఇంకో కైనేజ్‌ని మేలుకొలిపింది. ఎంకే2 వచ్చి రెండు సున్నాల మీదా ఎర్ర బొట్టుబిళ్ళలు అంటించింది. బొట్టుబిళ్ళ అంటే ఫాస్ఫేట్. సెరిన్ కొసన ఉండే ఓహెచ్ మీద అది కూర్చుంటుంది, దాంతో పాటు రెండు రుణావేశాలు వస్తాయి. బొట్టు పడగానే 14-3-3 అనే ప్రొటీన్ వచ్చి అక్కడ పట్టుకుంటుంది. దాని కోసం క్లిప్పు చుట్టూ రబ్బరుబ్యాండు వేసి పిన్నీసుని కప్పేయండి. ఇప్పుడు కత్తెర తగిలించమనండి. తగలదు. తోక నిలిచింది, ఎంఆర్ఎన్ఏ బతికింది, టీఎన్‌ఎఫ్ పెరిగింది.

ఆ బొట్టు కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి వస్తుందని ఇక్కడే చెప్పండి. ఏటీపీని కండరంలో మొదటగా గుర్తించినవాళ్ళలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆయన సహ శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిలో ద్రావణం నీలంగా మారుతుంది. మా పిల్లలు ల్యాబులో ఆ రంగు చూసినవాళ్ళే. ఆ నీలానికీ ఈ ఎర్ర బొట్టుకీ చుట్టరికం ఉందని చెప్పినప్పుడు క్లాసు మొత్తం తలెత్తి చూస్తుంది. నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా ఇష్టమైన ఘడియ అది.

ఇక్కడ తెలివైన పిల్ల ఒకరు తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు. నన్ను అడిగింది ఆమదాలవలస నుంచి రోజూ వచ్చే అమ్మాయి: "మేడమ్, బొట్టు పడిన టీటీపీ కణంలో తొందరగా పాడవదని పుస్తకంలో ఉంది. టీటీపీ పోగుపడితే కోత పెరగాలి కదా?" దీనికి సమయం ఇవ్వండి. బొట్టు లేని టీటీపీ పని చేస్తుంది, కానీ తొందరగా విరిగిపోతుంది. బొట్టున్న టీటీపీ నిలుస్తుంది, కానీ చేతులు కట్టుకుని ఉంటుంది. అంటే జబ్బుతో పోరాటం నడుస్తున్నంతసేపూ పని చెయ్యని టీటీపీ పోగుపడుతూ ఉంటుంది. పోరు తగ్గాక పీపీ2ఏ అనే ఫాస్ఫటేజ్ (ఫాస్ఫేట్ తీసే ఎంజైము) బొట్లు తీసేస్తే, ఆ పోగంతా ఒక్కసారి కోతకి దిగుతుంది. మంటని ఆర్పేవాళ్ళని మంట రేగినప్పుడే కణం కూడబెట్టుకుంటుందన్నమాట. అసలు టీటీపీయే లేకుండా పుట్టించిన ఎలుకలు చిక్కిపోతాయి, వాటికి కీళ్ళవాతం వస్తుంది.

ఇప్పుడు పిల్లల చేత నోట్సులో ఒకే ప్రశ్న రాయించండి: బొట్టు పడ్డాక ఎవరు దగ్గరికొచ్చారు, ఎవరు దూరమయ్యారు? "పని మొదలైందా, ఆగిందా" అన్న మాట దాని తరవాతే.

రెండో బల్ల మీద ఇఐఎఫ్2. దీనికి నూలు అక్కర్లేదు, పది క్లిప్పులు, రెండు జడ రబ్బర్లు చాలు. క్లిప్పులు ఇఐఎఫ్2. ప్రొటీన్ అల్లే యంత్రమైన రైబోజోమ్‌కి మొదటి అమైనో ఆమ్లాన్ని మోసుకెళ్ళేది ఇదే. ఒక్కో ప్రయాణం అయ్యాక దానికున్న జీడీపీ అనే వాడేసిన అణువుని తీసి కొత్త జీటీపీ పెట్టాలి, ఆ పని ఇఐఎఫ్2బీ చేస్తుంది. జడ రబ్బర్లు అవే, తక్కువ ఉంటాయి. క్లిప్పులు వరసగా రబ్బరులో దూరి బయటికి రావాలి. రెండు క్లిప్పులకి మాత్రం 51వ సెరిన్ అని రాసి బొట్టు పెట్టండి. బొట్టున్నది రబ్బరులో దూరితే వదలకూడదని నియమం. రెండూ పట్టుకున్నాక చూడండి, బొట్టు లేని ఎనిమిదీ కూడా బయటే నిలిచిపోతాయి. కొంచెం ఇఐఎఫ్2కి ఫాస్ఫేట్ తగిలినా కణం మొత్తంలో ప్రొటీన్ తయారీ ఎందుకు పడిపోతుందో మాటలతో చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు, ఈ రబ్బర్లు చెప్పాయి.

ఈ బొట్టు పెట్టే కైనేజ్‌లు నాలుగు. వాటిలో హెచ్ఆర్ఐ గురించి తప్పకుండా చెబుతాను, ఎందుకంటే నా క్లాసులో రక్తహీనత ఉన్న ఆడపిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. ఎర్రకణంగా మారబోయే కణంలో ఇనుము తక్కువైతే, ఇనుముండే హీమ్ అనే అణువు తగ్గుతుంది. హీమ్ తగ్గితే హెచ్ఆర్ఐ మేలుకుని ఇఐఎఫ్2కి ఫాస్ఫేట్ అంటిస్తుంది, హీమ్‌తో కలిసి హీమోగ్లోబిన్ అయ్యే గ్లోబిన్ అనే ప్రొటీన్ తయారీ తగ్గుతుంది. హీమ్ లేకుండా గ్లోబిన్ మిగిలిపోతే కణంలో గడ్డకడుతుంది. హెచ్ఆర్ఐ లేని ఎలుకలకి ఇనుము తక్కువైన మేత పెడితే అదే జరిగింది. ఇనుము మాత్రలు పారేసే పిల్లలకి ఈ బల్ల దగ్గర ఇంకోసారి గట్టిగా చెబుతాను.

మిథైల్‌కి నల్ల బొట్టు వాడండి. ఫాస్ఫేట్ లాగే ప్రొటీన్‌కి అంటుకునే ఇంకో చిన్న రసాయన గుంపు అది. ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం మీద అది పడితే ధనావేశం పోదు, పక్కవాళ్ళతో పట్టు మారుతుంది. నరాల కణాల్లో ఆర్ఎన్ఏని పట్టుకునే ఎఫ్‌యూఎస్ ప్రొటీన్‌కి మిథైల్‌లు తగ్గితే గడ్డకట్టే గుణం పెరుగుతుంది. దీని మీద ఎక్కువసేపు నిలవను. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి: ఏ బొట్టూ నూలుకి పెట్టనివ్వకండి. ఆర్ఎన్ఏకి నేరుగా మిథైల్ చేరడం ఉంది, కానీ అది వేరే పాఠం. రెండూ కలిస్తే పిల్లలు ఏడాదంతా తికమకపడతారు.

చివరగా, ఈ బొట్టే కారణమని శాస్త్రవేత్తలు ఎలా తేల్చుకుంటారో చూపించండి. కొత్త క్లిప్పు తీసుకుని రెండు సున్నాల మీదా కొవ్వొత్తి మైనం రుద్దండి. బొట్టు అంటదు. సెరిన్ స్థానంలో అలనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం పెట్టడమంటే ఇదే, అందులో ఓహెచ్ లేదు. రెండు స్థానాల్లోనూ ఇలా మార్చిన ఎలుకల్లో టీటీపీ ఎప్పుడూ కోతలోనే ఉంటుంది, టీఎన్‌ఎఫ్ తక్కువగా వస్తుంది. ఇంకో క్లిప్పుకి ఎర్ర గోళ్ళరంగు పూయండి, అది ఆస్పార్టేట్ అనే అమైనో ఆమ్లం. రుణావేశం ఎప్పుడూ ఉండేలా చేసి ఫాస్ఫేట్‌ని అనుకరించే ప్రయత్నం అది. అయితే 14-3-3 లాంటి ప్రొటీన్లు అసలు ఫాస్ఫేట్‌ని గుర్తుపడతాయి, చాలాసార్లు ఈ నకలుని పట్టుకోవు. కాబట్టి గోళ్ళరంగు క్లిప్పు వంతు వచ్చినప్పుడు రబ్బరుబ్యాండు వెయ్యకండి. కత్తెర తగులుతుందో లేదో పిల్లల చేతే ఊహించి రాయించండి.