కంపెనీ స్టీరియో మార్చకుండా యాంప్ కలపడం

కారుతో వచ్చిన స్టీరియోల్లో చాలావాటికి వెనక, యాంప్‌కు (శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్‌కు) సిగ్నల్ పంపే ఆర్‌సీఏ సాకెట్లు ఉండవు. కాబట్టి యాంప్‌కు సిగ్నల్ స్పీకర్ వైర్ల నుంచే తీసుకోవాలి. యాంప్‌లో స్పీకర్ వైర్లనే తీసుకునే హై లెవెల్ ఇన్‌పుట్ ఉంటే నేరుగా కలపొచ్చు. లేకపోతే మధ్యలో, స్పీకర్ సిగ్నల్‌ను ఆర్‌సీఏ స్థాయికి తగ్గించే లైన్ అవుట్‌పుట్ కన్వర్టర్ పెట్టాలి.

ముందు కారు బ్యాటరీ నెగటివ్ ఊడదీయండి. తర్వాత స్టీరియో వెనక కనెక్టర్ పీకి, స్పీకర్ల వైపు వెళ్లే ఒక్కో జతకు 1.5 వోల్టుల సెల్‌ను క్షణం తాకించండి. ఏ స్పీకర్ టక్కుమంటే ఆ జత దానిదే. కోన్ బయటికి కదిలితే సెల్ ప్లస్ తాకిన వైరు పాజిటివ్. కంపెనీ యాంప్ విడిగా ఉన్న కారులో ఈ పరీక్ష వద్దు, వైరింగ్ డయాగ్రమ్ చూసే చేయండి.

స్పీకర్ నెగటివ్‌ను ఎర్త్ అనుకోవడమే ఈ పనిలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. ఇప్పటి స్టీరియోల్లో రెండు వైర్లూ సిగ్నల్ మోస్తాయి. పాట మోగకపోయినా రెండిటిలోనూ సుమారు 6 వోల్టుల డీసీ ఉంటుంది. నెగటివ్ బాడీకి తగిలితే లోపలి అవుట్‌పుట్ ఐసీ కాలిపోవచ్చు. స్పీకర్ వైరు తెగ్గొట్టకుండా ఇన్సులేషన్ కొంచెం ఒలిచి, యాంప్‌కు లేదా కన్వర్టర్‌కు వెళ్లే వైరును దానికి సోల్డర్ చేయండి, పైన టేపు చుట్టండి. పాత స్పీకర్లను పూర్తిగా తప్పిస్తే, లోడ్ కనిపించక కొన్ని స్టీరియోలు ఆ చానల్‌ను ఆపేస్తాయి. అప్పుడు స్పీకర్ బదులు పెట్టే లోడ్ రెసిస్టర్ అవసరం.

400 వాట్ల క్లాస్ డీ యాంప్ పూర్తి సామర్థ్యంతో మోగితే 36 ఆంపియర్ల దాకా లాగుతుంది. బ్యాటరీ నుంచి యాంప్‌కు 8 గేజ్ అసలు రాగి వైరు (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు), 50 ఆంపియర్ల ఫ్యూజ్ చాలు. రాగి పూత అల్యూమినియమైతే 4 గేజ్ వాడండి. ఫ్యూజ్ బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. అది కాపాడేది యాంప్‌ను కాదు, వైరును. ఫ్యూజ్‌కు ముందు వైరు బాడీకి ఒరిస్తే మంటే! ఇంజన్ గోడ దాటే చోట రబ్బరు గ్రోమెట్ (వైరు ఒరవకుండా రంధ్రంలో పెట్టే రింగు) తప్పనిసరి.

ఎర్త్ వైరు కూడా అదే గేజ్, అర మీటరు లోపు. పెయింటు గీకి, మెరిసే లోహం మీదే బిగించండి. యాంప్‌ను ఆన్ చేసే రిమోట్ వైరును కన్వర్టర్ రిమోట్ అవుట్‌పుట్‌కు, అది లేకపోతే తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజ్‌కు కలపండి.

గెయిన్‌ను (వచ్చే సిగ్నల్‌కు యాంప్‌ను సరిపెట్టే నాబ్‌ను) చెవితో కాదు, మీటర్‌తో పెట్టండి. యాంప్‌కు కలిపిన స్పీకర్లు ఊడదీసి, ఈక్వలైజర్ సున్నాలో, వాల్యూమ్ ముప్పావులో ఉంచి 1000 హెర్ట్జ్ టోన్ మోగించండి. సబ్‌వూఫర్‌కైతే 50 హెర్ట్జ్. 4 ఓమ్‌ల మీద 100 వాట్లు కావాలంటే యాంప్ అవుట్‌పుట్‌లో 20 వోల్టుల ఏసీ వచ్చేదాకా గెయిన్ పెంచి ఆపాలి. సబ్‌వూఫర్ లో-పాస్ ఫిల్టర్‌ను (తక్కువ ఫ్రీక్వెన్సీలనే పంపేదాన్ని) 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి.

ఇంజన్ వేగంతో పాటు పెరిగే ఈల వినిపిస్తే యాంప్ దగ్గర ఆర్‌సీఏ పీకి చూడండి. ఈల ఆగితే లోపం కన్వర్టర్ ఎర్త్‌లోనో, పవర్ వైరు పక్కనే సాగిన ఆర్‌సీఏ కేబుల్‌లోనో ఉంటుంది. కన్వర్టర్ ఎర్త్‌ను యాంప్ ఎర్త్ బోల్టుకే మార్చండి, కేబుల్‌ను కారు రెండోవైపు నుంచి లాగండి. ఆగకపోతే యాంప్ ఎర్త్‌నే మళ్లీ గీకి బిగించాలి.