పెట్టెలో గాలికి డబ్బు కట్టకండి

మాది విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం. పెళ్లయి బెంగళూరు వచ్చి పదమూడేళ్లయింది, మారతహళ్లిలో ఉంటాం. కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్కబొమ్మలు తెప్పించి వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో అమ్ముతుంటాను. నెలకు ముప్పై నలభై పార్సిళ్లు పోతాయి. దసరా ముందు బొమ్మల కొలువు కోసం అడిగేవాళ్లు ఎక్కువ, అప్పుడు వంద దాటుతాయి. బొమ్మకు నాకు మిగిలేది నూటయాభై, మహా అయితే రెండొందలు. పార్సిల్ దగ్గర వంద జారిపోతే ఆ బొమ్మ కోసం పడిన కష్టమంతా పోయినట్టే. చేసేవాళ్లు పొనికి కర్రను చెక్కి, ఎండబెట్టి, ముక్కలు అతికించి, రంగులు వేసి ఇచ్చిన బొమ్మ అది. దాని మీద వచ్చే లాభం అట్టపెట్టెకీ టేపుకీ పోకూడదని నా పట్టుదల.

మొదటి దసరాకి హైదరాబాద్‌కి ఒక చిన్న అంబారీ ఏనుగు పంపాను. ఖరీదు 650. ఇంట్లో మిక్సీ వచ్చిన అట్టపెట్టె ఉంటే, బొమ్మను అందులో పెట్టి చుట్టూ పేపర్లు కుక్కి టేపు వేశాను. వంటింటి కాటా మీద మొత్తం 900 గ్రాములు తూగింది. కిలో లెక్కన కస్టమర్ దగ్గర 110 రూపాయలు తీసుకున్నాను. కౌంటర్ దగ్గర బిల్లు 410 అయింది. నేను వాదనకు దిగితే, అక్కడ పనిచేసే చిత్తూరు అబ్బాయి టేపు తెచ్చి పెట్టె కొలిచి చూపించాడు. "అక్కా, మీ బొమ్మ తొమ్మిదొందల గ్రాములే. మీ పెట్టె మాత్రం నాలుగు కిలోలు" అన్నాడు.

ఆ లెక్క ఇదీ. కొరియర్ వాళ్లు కాటా మీద బరువు ఒకటి చూస్తారు, పెట్టె ఆక్రమించే చోటుకు ఇంకో బరువు కడతారు. రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి మూడూ గుణించి 5000తో భాగిస్తే చోటు బరువు కిలోల్లో వస్తుంది. నా మిక్సీ పెట్టె 30, 30, 20. గుణిస్తే 18,000. 5000తో భాగిస్తే 3.6 కిలోలు. అరకిలోకో మెట్టు (స్లాబు) చొప్పున లెక్క, మధ్యలో ఉంటే పై స్లాబుకే కట్టాలి కాబట్టి 4 కిలోలకు బిల్లు వేశారు. మొదటి అరకిలోకి 60, తర్వాత ప్రతి అరకిలోకి 50 చొప్పున 410 అయింది.

ఇంటికొచ్చాక అలాంటిదే ఇంకో ఏనుగును టేబుల్ మీద పెట్టి కొలిచాను. పొడవు 19, ఎత్తు 10, వెడల్పు 7. చుట్టూ రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్ల మెత్త చాలు. అంటే పెట్టె 25, 16, 12 ఉంటే సరిపోతుంది. గుణిస్తే 4,800, చోటు బరువు 0.96 కిలో. బిల్లు 110. అదే బొమ్మ, అదే ఊరు, 300 తేడా! ఆ మూడొందలూ నేను గాలికి కట్టాను.

అందుకే కొత్తగా అమ్మడం మొదలుపెట్టినవాళ్లకి నేను మొదట చెప్పేది, ధర పెట్టకముందే వస్తువును పెట్టెలో పెట్టి కొలవమని. ఫొటో తీసే రోజే కొలతలు కూడా నోట్‌బుక్‌లో రాసుకోండి. మీ కొరియర్ ఎంతతో భాగిస్తారో కూడా అడగండి. కొందరు 5000 బదులు 4000 వాడతారు. అప్పుడు ఇదే చిన్న పెట్టె 1.2 కిలో అయి, కిలోన్నర స్లాబులోకి వెళ్తుంది. రేటు తక్కువ చెప్పారని సంబరపడేముందు ఈ ఒక్క మాట అడిగితే అసలు రేటు తెలిసిపోతుంది.

స్లాబు అంచున ఉన్న పార్సిల్‌ని కూడా వదిలిపెట్టకండి. 520 గ్రాములు వచ్చిందంటే కిలోకి కట్టాల్సిందే. లోపల పెట్టే థాంక్యూ కార్డు, రెండో పొర టేపు, అక్కర్లేని అట్టముక్క తీసేస్తే చాలాసార్లు 490కి దిగుతుంది. వంటింటి కాటాలు పది గ్రాములు అటూ ఇటూ చూపిస్తాయి కాబట్టి నేను ఇరవై గ్రాములు ఖాళీ ఉంచుకుంటాను. సీల్ చేశాక కాటా మీద పెట్టె ఒక ఫొటో, టేపుతో కొలుస్తూ ఇంకో ఫొటో తీస్తాను. ఆన్‌లైన్‌లో బుక్ చేసిన పార్సిళ్లకి వారం తర్వాత "బరువు తేడా" అని డబ్బు కోసేస్తుంటారు. ఫొటోలు పెట్టి అభ్యంతరం చెబితే నాకు ఎక్కువసార్లు తిరిగొచ్చింది. ఫొటో లేనప్పుడు ఒక్కసారీ రాలేదు.

పెట్టెల కోసం చిక్‌పేట మెట్రో స్టేషన్‌లో దిగి పేట సందుల్లోకి వెళ్తాను. సుల్తాన్‌పేట వైపు కాగితం, అట్ట, ప్రింటింగ్ దుకాణాలు వరసగా ఉంటాయి. మా వీధిలో స్టేషనరీ షాపులో 22 రూపాయలకు ఇచ్చే మూడు పొరల పెట్టె అక్కడ పాతిక కట్ట తీసుకుంటే తొమ్మిదికి వచ్చింది. మూడు సైజులే కొంటాను, విప్పి మంచం కింద పరుస్తాను. బరువైన సెట్టుకు మాత్రం ఐదు పొరలది వాడతాను. పొద్దున పది, పదకొండుకే వెళ్లండి. మధ్యాహ్నమైతే ఆ సందుల్లో కట్ట మోసుకుని నడవడం నరకం.

పాత పెట్టెలు కూడా వాడతాను. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అన్న మంచివి చూసి పక్కన పెడతాడు. కాకపోతే పాత లేబుల్ పూర్తిగా ఊడబీకాలి, ముఖ్యంగా బార్‌కోడ్. ఒకసారి కింది వైపు పాత బార్‌కోడ్ మిగిలిపోయింది, నేను చూసుకోలేదు. కర్నూలు వెళ్లాల్సిన దశావతారాల సెట్టు పదకొండు రోజులు ఎక్కడెక్కడో తిరిగి నా ఇంటికే వచ్చింది. అప్పటికి వాళ్లింట్లో కొలువు అయిపోయింది. ఊడి రాకపోతే నల్ల మార్కర్‌తో కొట్టేసి, పైన తెల్ల కాగితం అంటించండి.

ఇక సర్దడం. ఇందులో డబ్బు మిగల్చడమంటే బబుల్ రేపర్ తగ్గించడం కాదు, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడం. కొండపల్లి బొమ్మ చాలా తేలిక. కిందపడ్డా ఒళ్లు పగలదు, అతికించిన చోట విరుగుతుంది. ఏనుగుకు తొండం, దంతాలు, అంబారీ స్తంభాలు. మనిషి బొమ్మకు చేతులు. ఒకసారి వరంగల్ నుంచి ఫోన్. "అక్కా, బొమ్మ బాగానే వచ్చింది గానీ తొండం చేతిలోకి వచ్చేసింది. మా పాప ఏడుస్తోంది." ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. వేరేది పంపాను, రెండు వైపుల ఖర్చూ నాదే. బొమ్మ చుట్టూ నాలుగు పొరలు చుట్టాను కదా అనుకున్నాను. తొండానికీ ఛాతీకీ మధ్య ఖాళీని మాత్రం వదిలేశాను. పెట్టె ఒత్తిడికి తొండం ఆ ఖాళీలోకి వంగి విరిగింది.

ఇప్పుడు ముందు ఆ సందులు నింపుతాను. పాత నూలు చీర చింపిన పేలికను వేలంత లావున చుట్టి తొండం వెనకా, కాళ్ల మధ్యా, అంబారీ లోపలా దూరుస్తాను. తర్వాత బొమ్మంతా బటర్ పేపర్‌లో చుడతాను. రంగుకు బబుల్ రేపర్ నేరుగా తగిలితే ఎండకు వేడెక్కిన వ్యానులో గుండ్రటి మచ్చలు పడతాయి. లక్కబొమ్మల మెరుపు మీదైతే ఇంకా బాగా కనిపిస్తాయి. బటర్ పేపర్ మీద బబుల్ ఒకటే పొర, బుడగలు లోపలికి ఉండేలా. పెట్టె అడుగున నలిపిన పేపరు ఒక వరస, పైన ఒక వరస. మూత వేసి చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాను. లోపల చిన్న చప్పుడు వచ్చినా విప్పి మళ్లీ సర్దుతాను. రెండంగుళాల టేపు మధ్య గీత మీద ఒకటి, రెండు చివర్లా ఒక్కోటి వేస్తే చాలు. పెట్టెంతా టేపు చుట్టడం దండగ. వానాకాలంలో అయితే బొమ్మను ముందు పాలిథిన్ కవర్‌లో పెట్టి తర్వాత పెట్టెలో పెడతాను. ఇలా సర్దడం మొదలుపెట్టాక తొండం విరిగిందన్న ఫోన్ మళ్లీ రాలేదు.

ఎవరితో పంపాలన్నది ఊరిని బట్టి ఉంటుంది. సిటీలకు కొరియర్ రేట్లు పోల్చి చూస్తాను. పల్లెటూళ్లకు కళ్లు మూసుకుని పోస్టాఫీసే. కొరియర్ వాళ్లు మా దగ్గర సర్వీసు లేదు, మండలానికి వచ్చి తీసుకోండి అనే చోటికి కూడా పోస్ట్‌మన్ గుమ్మం దాకా వెళ్తాడు. కొందరు పెద్దవాళ్లు ఇప్పటికీ "రిజిస్టర్ పోస్టులో పంపమ్మా" అంటారు. 2025లో దాన్ని స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు, రేట్లు కూడా మారాయి. పాత రేటు గుర్తుపెట్టుకుని కస్టమర్‌కి చెప్పేయకండి, కౌంటర్‌లో అడిగే చెప్పండి. మా పోస్టాఫీసులో మేడమ్ నన్ను చూడగానే "చిక్క బాక్స్ తందిరా?" అంటారు, చిన్న పెట్టె తెచ్చారా అని.

పిల్లల పాత పాఠ్యపుస్తకాలు అమ్మేవాళ్లు పోస్టాఫీసులో పుస్తకాల కోసం ఉన్న జ్ఞాన్ పోస్ట్ గురించి అడగండి. 2025 మే 1న మొదలైంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100, దాని మీద పన్ను. రోడ్డు దారిన వెళ్తుంది కాబట్టి నిదానం. మా అమ్మాయి పుస్తకాలు అమ్మేటప్పుడు పుస్తకం కంటే కొరియరే ఎక్కువని బాధపడేదాన్ని.

కొలువు సెట్టంతా ఒకే పెద్ద పెట్టెలో అడిగితే బస్సు పార్సిల్ రేటు కూడా కనుక్కుంటాను. నాకు సరుకు అలాగే వస్తుంది. అమ్మ విజయవాడలో వేస్తే తెల్లారేసరికి బెంగళూరు కలాసిపాళ్యంలో దిగుతుంది. కస్టమర్ బస్టాండుకు వెళ్లి తీసుకోవాలి, ఆ మాట ముందే చెప్పాలి.

క్యాష్ ఆన్ డెలివరీ నేను మానేశాను. ఒక సంక్రాంతికి అలా పంపిన పద్నాలుగింట్లో ఐదు తిరిగొచ్చాయి. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ చార్జీ మనదే. పైగా బొమ్మ రెండుసార్లు లారీల్లో ఎగిరెగిరి వస్తుంది. ఇప్పుడు ముందే యూపీఐ. తెలియని మనిషికి ముందు డబ్బులెలా వేస్తామని అడిగితే తప్పనను. వీడియో కాల్ చేసి, వాళ్ల పేరు రాసిన చీటీ పక్కన పెట్టి బొమ్మను చూపిస్తాను. పది మందిలో ఎనిమిది మంది అప్పుడే వేస్తారు. వేశామని స్క్రీన్‌షాట్ పంపితే మాత్రం సరిపోదు, మన బ్యాంకు యాప్ తెరిచి చూశాకే పెట్టెకు టేపు వేయాలి. దొంగ స్క్రీన్‌షాట్‌కి నేను 1,800 విలువైన సెట్టు పోగొట్టుకున్నాను. డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టాల్సిన పనే లేదు. కొట్టమన్నారంటే మోసమే. పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యం చేసేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

అడ్రసు తీసుకునేటప్పుడు పిన్‌కోడ్ మొదటి రెండంకెలు చూడండి. తెలంగాణకు 50, ఆంధ్రాకు 51 నుంచి 53, కర్ణాటకకు 56 నుంచి 59. గుంటూరు అని రాసి 50తో మొదలయ్యే పిన్ ఇస్తే ఎక్కడో తప్పుంది. ఇంకో ఫోన్ నంబరు, దగ్గరలో గుడో బడో అడగండి. నాకు తిరిగొచ్చిన పార్సిళ్లలో సగం ఫోన్ ఎత్తకపోవడం వల్లనే.

కొనేవాళ్లకూ కొన్ని చెప్పాలి, నేనూ కొంటాను కాబట్టి. సరుకులు కొనేటప్పుడు ప్యాకెట్ ధర కాకుండా గ్రాముకో కిలోకో ఎంత పడుతోందో చూడండి, ప్యాకెట్ మీద యూనిట్ ధర రాసే ఉంటుంది. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక కాదు. ఉచిత డెలివరీ కోసం ఇంకో 120 రూపాయల వస్తువు వేసుకునే ముందు డెలివరీ ఎంతో చూడండి. 40 మిగల్చడానికి 120 పెడుతున్నామేమో. మా ఫ్లోర్‌లో నాలుగిళ్లవాళ్లం కలిసి ఒకే ఆర్డర్ పెడతాం. డబ్బు కట్టే ముందు బిల్లు కిందిదాకా చదవండి. మీరు వేయని విరాళమో ఇన్సూరెన్సో అందులో కలిసి ఉండొచ్చు. ఇలా చేయడం, చివరి మెట్టులో కొత్త చార్జీలు బయటపెట్టడం తప్పని కేంద్రం 2023 నవంబరులోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

పార్సిల్ రాగానే విప్పేయకండి. ముందు లేబుల్, టేపు కనబడేలా వీడియో మొదలుపెట్టి, ఆపకుండా వస్తువు బయటికి తీసేదాకా తీయండి. మధ్యలో కట్ చేసిన వీడియోను అమ్మినవాళ్లు ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోలేను. విరిగిన వస్తువుకు డబ్బు తిరిగి ఇవ్వకుండా తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. ఒక పెద్ద సైట్ పగిలిన కుక్కర్ వెనక్కి తీసుకోనంటే నేను చేశాను, పన్నెండు రోజుల్లో డబ్బు పడింది.

కొలువుకు బొమ్మలు కావాల్సినవాళ్లు మహాలయ అమావాస్యకు కనీసం పన్నెండు రోజుల ముందు చెప్పండి. ఆ తర్వాత పార్సిళ్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి, ఎక్స్‌ప్రెస్‌కి రెట్టింపు కట్టాలి. బెంగళూరు వాళ్లయితే ఆ టెన్షన్ అక్కర్లేదు. ఆదివారం పొద్దున నేను కె.ఆర్.పురం మెట్రో స్టేషన్ మెట్ల దగ్గరికి తెచ్చి ఇస్తాను. పెట్టె కూడా వద్దు, గుడ్డసంచి తెచ్చుకోండి.