హ్యూమిడిఫయర్ టెంపరేచర్ ప్రోబ్ సరిగ్గా అమర్చడం

వెంటిలేటర్ గాలిని వేడిచేసి తేమ కలిపే హ్యూమిడిఫయర్‌లో సాధారణంగా రెండు చోట్ల ప్రోబ్‌తో (ఉష్ణోగ్రత సెన్సార్‌తో) ఉష్ణోగ్రత కొలుస్తారు: నీటి ఛాంబర్ నుంచి గాలి బయటికొచ్చే చోట, రోగి వైపు గొట్టాలు కలిసే వై-పీస్ దగ్గర. శ్వాసనాళంలో ట్యూబ్ వేసిన రోగికి ఛాంబర్ దగ్గర 37 డిగ్రీలు ఉండాలి. అప్పుడే లీటరు గాలి దాదాపు 44 మిల్లీగ్రాముల నీటి ఆవిరిని మోస్తుంది. దారిలో ఆవిరి నీరుగా మారకుండా గొట్టంలోని హీటర్ వైర్ ఆ గాలిని 40 దాకా తీసుకెళ్తుంది.

ప్రోబ్‌ను పోర్టులోకి పూర్తిగా నొక్కండి. కొన గాలి ప్రవాహం మధ్యలోకి రావాలి. ఎక్కువ తప్పులు ఇక్కడే. సగమే దిగితే చల్లటి రీడింగ్ వస్తుంది, హీటర్ అవసరానికి మించి వేడెక్కిస్తుంది. నీరు కొన మీద నిలవకుండా ప్రోబ్‌ను పైనుంచి అమర్చండి.

పసిబిడ్డల వార్డులో మరింత జాగ్రత్త అవసరం. బిడ్డను పైనుంచి వెచ్చగా ఉంచే రేడియంట్ వార్మర్ వేడి నేరుగా తగిలితే ప్రోబ్ ఎక్కువ చూపుతుంది, హీటర్ తగ్గిపోతుంది, బిడ్డకు పొడిగాలి అందుతుంది. కఫం గట్టిపడి సన్నటి ట్యూబ్ మూసుకుపోవచ్చు. ప్రోబ్‌కు రిఫ్లెక్టివ్ కవర్ వేయండి. ఇన్‌క్యుబేటర్ అయితే ప్రోబ్ బయటే ఉండాలి.

డిస్‌ప్లేలో 37 కనిపిస్తున్నా ట్యూబ్ లోపల తేమ జాడ లేకపోతే అంకెను నమ్మకండి, ప్రోబ్ చూడండి.