మహమ్మారి రోజుల్లో ఎముక మజ్జ మార్పిడి: తేదీ ఖాయం చేసుకునే ముందు

ఇంట్లో ఒకరికి ఎముక మజ్జ మార్పిడి చేయాలన్నారు, బయట వైరస్ విజృంభిస్తోంది. కొన్నాళ్లు ఆగుదామా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఈ నిర్ణయం మాత్రం మీకు మీరు తీసుకోకండి. 2020లో కోవిడ్ మొదలైనప్పుడు ఎక్కువగా వాయిదా పడినవి, ఆగినా పెద్దగా ముప్పు లేని కేసులే. మైలోమా అనే మజ్జ క్యాన్సర్‌కు రోగి సొంత మూలకణాలతో (రక్తాన్ని తయారుచేసే కణాలు) చేసే మార్పిడి అలాంటిది, మందులతో కొంతకాలం నెట్టుకురావచ్చు. వేగంగా ముదిరే రక్త క్యాన్సర్ అక్యూట్ లుకేమియా అలా కాదు. జబ్బు తిరగబెడితే మార్పిడి అవకాశమే చేజారొచ్చు. ఆగితే ఎంత ముప్పు, ఇప్పుడే చేస్తే ఎంత ముప్పు అని డాక్టర్‌ని సూటిగా అడగండి.

దాత దూరప్రాంతం వారైతే అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది కణాల సంగతి. మార్పిడికి ముందు కొన్ని రోజులు గట్టి కీమో, కొందరికి రేడియేషన్ కూడా ఇస్తారు. దీన్నే కండిషనింగ్ అంటారు. పూర్తి మోతాదులో ఇస్తే రోగి సొంత మజ్జ దెబ్బతినిపోతుంది. ఆ తర్వాత దాత కణాలు అందకపోతే ప్రాణాల మీదికొస్తుంది. మామూలుగా కణాలను తీసిన రెండు మూడు రోజుల్లోపే తాజాగా ఎక్కిస్తారు. 2020లో విమానాలు ఆగిపోయాయి, దాతకే కోవిడ్ వస్తే ఎలా అన్న భయమూ ఉండేది. అందుకే అమెరికా, యూరప్‌లలోని మార్పిడి సంస్థలు కణాలను ముందే తెప్పించి గడ్డకట్టించి, అవి ఆసుపత్రికి చేరాకే కండిషనింగ్ మొదలుపెట్టమన్నాయి. గడ్డకట్టిస్తే కొన్ని కణాలు నష్టపోతాయి, నిజమే. అయినా ఆ నష్టం భరించదగ్గదని నా అభిప్రాయం. కణాలు చేరాయా, దాత తప్పుకుంటే ఇంట్లో కణజాల రకం సగమైనా మ్యాచ్ అయ్యేవాళ్లున్నారా, ఈ రెండూ అడగకుండా అడ్మిట్ కావద్దు. కండిషనింగ్‌కు ముందు రోగికి వైరస్ టెస్ట్ కూడా చేయించాలి.

మార్పిడి సమయంలో రోగికి ఎక్కించాల్సి వచ్చే రక్తం, ప్లేట్‌లెట్ల గురించి కూడా ముందే ఆలోచించండి. మహమ్మారిలో రక్తదాతలు తగ్గిపోతారు, ప్లేట్‌లెట్లేమో సాధారణంగా 5 రోజులకు మించి నిలవ ఉండవు. అలాగని మజ్జ ఇవ్వబోయే అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే రక్తం కూడా ఇస్తామని ముందుకు రాకూడదు. దానివల్ల రోగి శరీరం తర్వాత వాళ్ల మజ్జను తిరస్కరించే ప్రమాదం పెరుగుతుంది.

ఇంటికొచ్చాక అసలు రక్షణ చుట్టూ ఉన్నవాళ్లే. మార్పిడి తర్వాత కోవిడ్ సోకిన 318 మందిపై 2021లో వచ్చిన అధ్యయనంలో, జబ్బు నిర్ధారణయిన 30 రోజులకు బతికున్నవాళ్లు సుమారు మూడింట రెండొంతులే. టీకాలు రాకముందు లెక్క అది. ఇంట్లో అందరూ టీకాలు వేయించుకోవాలి. జలుబు చేసినవాళ్లు వేరే గదిలో ఉండాలి, చుట్టాల పరామర్శలు ఫోన్‌లోనే కానివ్వండి. మొహమాటపడొద్దు. చూసుకునే మనిషికే జబ్బు చేస్తే బదులుగా వచ్చేదెవరో ఇప్పుడే అనుకోండి.

జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, దాటితే అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. జ్వరం ఎంతుందో కొలవకుండా పారాసిటమాల్ వేస్తే జ్వరం కనబడకుండా పోతుంది.

కోవిడ్ వస్తే బయట ఎవరో రాసిన పాక్స్‌లోవిడ్ (కోవిడ్ మాత్రలు) సొంతంగా మొదలుపెట్టకండి. అందులోని రిటోనవిర్ అనే మందు వల్ల, మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని అణచడానికి ఇచ్చే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్‌ల మోతాదు రక్తంలో ప్రమాదకరంగా పెరుగుతుంది. చిన్నప్పటి టీకాల రక్షణ కూడా మార్పిడితో చాలావరకు పోతుంది. వాటిని మళ్లీ వేయించాలి, కొన్ని 3 నుంచి 6 నెలల తర్వాత మొదలవుతాయి. తట్టు, ఆటలమ్మ వంటి లైవ్ టీకాలు (బలహీనపరిచిన సజీవ వైరస్ ఉన్నవి) మాత్రం కనీసం రెండేళ్లదాకా వద్దు, ఆ తర్వాతైనా డాక్టర్ సరేనంటేనే.