గోడ మధ్యలో చోటు అడగండి

మా పక్కింటి పెద్దాయనకి తొంభై దాటాయి. కొరియా యుద్ధానికి వెళ్ళొచ్చారు. అంతకు ముందే, 1944 జనవరిలో, ఆయన అన్న ఇటలీలో రాపిడో నది దాటబోయి చనిపోయాడు. టెక్సస్ 36వ డివిజన్, 141వ రెజిమెంట్. ఆ రెజిమెంట్‌లో 'E' కంపెనీ అనే దళం ఎల్ పాసో కుర్రాళ్ళది ఒకటుండేది, మెక్సికన్ అమెరికన్ల కంపెనీ. పెద్దాయన వాళ్ళూ మెక్సికన్ అమెరికన్లే, కానీ అన్నది ఆ కంపెనీ కాదు, పక్కది. పెద్దాయన ఈ తేడా మర్చిపోకుండా ప్రతిసారీ చెప్తారు.

మేం శాన్ ఆంటోనియోలో ఉంటాం. ఆయన పుట్టిన ఊరు ఇక్కడికి గంటన్నర దూరం. అక్కడి చిన్న మ్యూజియం వాళ్ళు రెండో ప్రపంచ యుద్ధం రోజుల మీద ప్రదర్శన పెట్టబోతూ, ఫోటోల జిరాక్సులు గోడకి అంటించి ఊరివాళ్ళకి ముందుగా చూపిస్తున్నారని తెలిసి మనవరాలు ఆయన్ని తీసుకెళ్ళింది. నన్నూ రమ్మంది. మొత్తం 46 ఫోటోలు. స్పానిష్ ఇంటిపేరు ఒక్కటి లేదు. పెద్దాయన ఆ చివర నుంచి ఈ చివరికి రెండుసార్లు నడిచారు, ఏమీ అనలేదు. కారెక్కాక మాత్రం, "ఆ యుద్ధంలో మేమంతా సెలవు పెట్టినట్టున్నాం" అన్నారు.

ఆ గోడ మీద వాళ్ళకీ చోటు అడుగుతూ తర్వాత పద్నాలుగు నెలలు తిరిగాం. మీ ఊళ్ళో ఇలాంటిది ఎదురైతే ఏం చెయ్యాలో, మేం చేసిన తప్పులతో సహా చెప్తాను. నేను తెలుగుదాన్ని, ఆస్పత్రిలో రికార్డుల విభాగంలో పని చేస్తాను. ఇందులో నీకేం పని అని ఇద్దరు ముగ్గురు మొహం మీదే అడిగారు. సబబైన ప్రశ్నే. బయటివాళ్ళు ఇలాంటి పనిలో దిగితే కాగితాలు చూసుకోవాలి, మాట్లాడటం మాత్రం ఇంటివాళ్ళకి వదిలెయ్యాలి. నేను ఏ మీటింగ్‌లోనూ మైకు పట్టుకోలేదు.

కోపంతో ఉత్తరం రాయడం మా మొదటి తప్పు. మూడు పేజీలు రాశాం. అందులో అన్యాయం, వివక్ష, చరిత్ర చెరిపివేత అన్నీ ఉన్నాయి, ఒక్క పేరు లేదు. "మేమెవర్నీ వదిలెయ్యలేదండీ, ఇంటింటికీ కబురు పెట్టాం, ఎవరు తెచ్చిస్తే వాళ్ళ ఫోటోలు పెట్టాం" అని జవాబొచ్చింది. అబద్ధం కాదది. కబురు పెట్టింది ఇంగ్లీషు పేపర్లో, రెండు చర్చిల్లో. ఆ రెండు చర్చిలకీ పెద్దాయన వాళ్ళు వెళ్ళేవాళ్ళు కాదు.

కాబట్టి ముందు లెక్క తియ్యండి. నోటుపుస్తకం పట్టుకుని గోడ దగ్గర నిలబడి, ఏ ఫోటో ఎవరిది, ఏ యూనిట్, కింద ఏం రాశారు, వరసగా రాసుకోండి. ఇంటిపేరు చూసి వీళ్ళు లాటినో (లాటిన్ అమెరికా మూలాలవాళ్ళు), వీళ్ళు కాదు అని తేల్చకండి. మొదటి ప్రపంచ యుద్ధంలో మెడల్ ఆఫ్ ఆనర్, అంటే అమెరికా సైన్యంలో అన్నిటికంటే పెద్ద పతకం, వచ్చిన డేవిడ్ బార్క్లీ లరేడోలో పుట్టినవాడు, తల్లి మెక్సికన్ సంతతి. ఆ పేరు చూసి ఎవరికీ అనుమానం రాలేదు. సంగతి నలుగురికీ తెలిసేసరికి 1989 వచ్చింది. మా గోడ మీదా అలాంటాయన ఒకరు తేలారు, ఆయన చెల్లెలి కూతురు చెప్పింది. అంటే మా మొదటి ఉత్తరంలో "ఒక్కరూ లేరు" అని రాసిందీ తప్పే. అది మేమే ఒప్పుకుంటూ రెండో ఉత్తరం మొదలుపెట్టాం. అక్కడి నుంచి వాళ్ళ మాట తీరే మారింది.

అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. రెండో ప్రపంచ యుద్ధంలో ఎంతమంది లాటినోలు పనిచేశారు అంటే రెండున్నర లక్షల నుంచి ఐదు లక్షల దాకా అంచనాలున్నాయి. అంత తేడా ఎందుకో, పెద్దాయన బావగారికి సైన్యం వదిలేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జ్ కాగితం చూస్తే అర్థమవుతుంది. కౌంటీ (మన జిల్లా లాంటిది) క్లర్క్ ఆఫీసులో దొరికిన పాత ఫోటోస్టాట్ అది, నల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు. కింద కుడి బొటనవేలి ముద్ర, గీతలు కూడా కనిపిస్తాయి. జాతి అని ఒక గడి, అందులో వైట్, నీగ్రో, ఇతరులు అని మూడు. టైపిస్టు వైట్ కింద ఎక్స్ కొట్టాడు. ఆ కాగితంతో ఊరికొచ్చిన మనిషిని మంగలి షాపులో కూర్చోనివ్వలేదని పెద్దాయన చెప్తారు. సైన్యం కాగితంలో తెల్లవాడు, ఊళ్ళో మెక్సికన్. విడిగా లెక్కపెట్టలేదు కాబట్టి కచ్చితమైన అంకె ఎవరి దగ్గరా లేదు. మీరు మీటింగ్‌లో గట్టిగా ఒక అంకె చెప్తే, ఎదుటివాడు దాన్ని ఒక్కదాన్ని పడగొట్టి మిగతా అంతా కొట్టిపారేస్తాడు. జనాభా ప్రకారం అందరికంటే ఎక్కువ మెడల్స్ ఆఫ్ ఆనర్ లాటినోలకే వచ్చాయనే మాట కూడా తరచూ వినిపిస్తుంది. నేనైతే వాడను. గడే లేనప్పుడు నిష్పత్తి ఎక్కడ తీస్తారు? పేర్లు చెప్పండి, చాలు. 1943లో అలాస్కాలోని అట్టు దీవిలో చనిపోయిన జో మార్టినెజ్, 1944 డిసెంబరులో బెల్జియంలో మెషిన్‌గన్‌తో ఒంటరిగా నిలబడ్డ హోసే లోపెజ్. పేరుని ఎవరూ పడగొట్టలేరు.

ఇక కాగితాలు. నాకు బాగా తెలిసిన పని ఇదే, అందుకే కాస్త సాగదీస్తాను.

సైనికుల ఫైళ్ళు సెయింట్ లూయిస్‌లోని జాతీయ కేంద్రంలో ఉంటాయి. 1973 జులై 12న అక్కడ మంట అంటుకుంది. కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల ఫైళ్ళు పోయాయి. 1912 నవంబరు నుంచి 1960 మొదలు దాకా ఆర్మీ వదిలినవాళ్ళ ఫైళ్ళలో దాదాపు 80 శాతం అందులోనే. అందుకని "రికార్డు లేదు" అని జవాబొస్తే కంగారు పడకండి, మనిషి సైన్యంలో లేడని దానర్థం కాదు. అయినా ముందు అక్కడే అడగాలి. సర్వీసు వదిలి 62 ఏళ్ళు దాటిన ఫైలు ఎవరైనా డబ్బు కట్టి తెప్పించుకోవచ్చు. 1945లో బయటికొచ్చినవాళ్ళవి ఎప్పుడో తెరుచుకున్నాయి. వియత్నాం నుంచి 1970లో వచ్చినవాళ్ళవి మాత్రం 2032 దాకా ఆ మనిషో, చనిపోతే దగ్గరి బంధువులో అడిగితేనే ఇస్తారు. దగ్గరి బంధువుల్లో మనవలు లేరు. భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, అంతే. మనవరాలు ఎంత హడావిడి పడినా సంతకం వాళ్ళ నాన్నతో పెట్టించాల్సిందే.

అక్కడ దొరక్కపోతే కౌంటీ క్లర్క్ ఆఫీసు. యుద్ధం నుంచి వచ్చినవాళ్ళు చాలామంది డిశ్చార్జ్ కాగితం అక్కడ నమోదు చేయించుకున్నారు, పోతే మళ్ళీ దొరుకుతుందని. అక్షరక్రమంలో వెతికేటప్పుడు తప్పుల్ని కూడా వెతకండి. గుమాస్తాలు ఇంటిపేర్లు చెవికి ఎలా వినిపిస్తే అలా రాశారు. తల్లి ఇంటిపేరు చివర వస్తే దాన్నే అసలు ఇంటిపేరనుకున్నారు. బావగారి కాగితం మాకు అలా తల్లి ఇంటిపేరు కిందే దొరికింది. తర్వాత గ్వాదలూపే మాత చర్చి. బలిపీఠం పక్కన చెక్క పలక మీద యుద్ధానికి వెళ్ళినవాళ్ళ పేర్లు రంగుతో రాసి ఉన్నాయి. 71 పేర్లు, చనిపోయినవాళ్ళ పక్కన చిన్న నక్షత్రం. ఎనభై ఏళ్ళుగా వేలాడుతోందది. మ్యూజియం నుంచి నాలుగు వీధుల దూరం. తర్వాత స్పానిష్ పేపర్లు. మా శాన్ ఆంటోనియోలో లా ప్రెన్సా యుద్ధకాలమంతా నడిచింది. ఇంగ్లీషు పేపర్లో కనిపించని మనుషులు అందులో కనిపిస్తారు.

బతికి ఉన్నవాళ్ళ మాటలు రికార్డు చెయ్యడం మాత్రం వాయిదా వెయ్యకండి. మేం ఇద్దరి విషయంలో "పండగయ్యాక" అనుకున్నాం. పండగ వచ్చింది, వాళ్ళు లేరు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో 2000 నుంచి మాజీ సైనికుల జ్ఞాపకాలు దాచే ప్రాజెక్టు ఉంది. కనీసం 30 నిమిషాలు, కత్తిరింపులు లేకుండా ఉండాలి. యుద్ధంలో చనిపోయినవాళ్ళ తోబుట్టువుల మాటలు కూడా తీసుకుంటారు, కాబట్టి పెద్దాయన రెండు రకాలుగానూ పనికొచ్చారు. తన గురించి ఒకసారి, అన్న గురించి ఒకసారి. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో 1999లో మొదలైన వోసెస్ అనే ప్రాజెక్టు అచ్చంగా లాటినోల జ్ఞాపకాల కోసమే పనిచేస్తుంది.

అడిగేటప్పుడు "మీ మీద వివక్ష చూపించారా?" అని అడగొద్దు. ఆ తరంవాళ్ళు "అబ్బే, ఏం లేదు" అనేస్తారు. యూనిఫాంలో ఇంటికొచ్చిన రోజు ఏం తిన్నారు, ఎక్కడ తిన్నారు అని అడగండి. ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్ళయితే స్పానిష్‌లోనే కానివ్వండి. పెద్దాయన ఇంగ్లీషులో అన్న గురించి నాలుగు వాక్యాలు చెప్పి ఆగిపోయారు. మనవరాలు స్పానిష్‌లోకి మారగానే, టెలిగ్రాం వచ్చిన రోజు వాళ్ళమ్మ పిండి పిసుకుతోందనీ, చేతులు తుడుచుకోకుండానే అందుకుందనీ, కాగితం మీద పిండి మరకలు ఇప్పటికీ ఉన్నాయనీ చెప్పుకొచ్చారు. టెలిగ్రాం తీసి చూపించారు. ఉన్నాయి.

అడిగే విషయానికొద్దాం. ఫోన్లో మాట్లాడితే ప్రతి మాటా రాసుకోండి. ఇది టెక్సస్‌లో మెక్సికన్ అమెరికన్ మాజీ సైనికుల హక్కుల కోసం పోరాడిన డాక్టర్ హెక్టర్ గార్సియా దగ్గర నేర్చుకోవాల్సింది. ఫిలిప్పీన్స్‌లో 1945లో చనిపోయిన ఫెలిక్స్ లాంగోరియా శవపేటిక 1949లో టెక్సస్‌లోని త్రీ రివర్స్‌కి రావాల్సి ఉంది. తెల్లవాళ్ళు ఒప్పుకోరని అక్కడి అంత్యక్రియల గృహం తన చాపెల్ ఇవ్వనంది. డాక్టర్ గార్సియా ఆ యజమానికి ఫోన్ చేసినప్పుడు సెక్రటరీ ఇంకో రిసీవర్లో వింటూ షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంది. తర్వాత ఆయన నాయకులకి టెలిగ్రాములు కొట్టాడు. కొత్తగా సెనేటరైన లిండన్ జాన్సన్ జవాబిచ్చాడు. ఫిబ్రవరి 16న లాంగోరియాని ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో పాతిపెట్టారు. ఆ షార్ట్‌హ్యాండ్ కాగితం లేకపోతే "నేనలా అనలేదు" అన్నంతలో ముగిసిపోయేది.

ఎప్పుడు అడగాలి? జిరాక్సులు గోడ మీద ఉన్నప్పుడే. ఫ్రేములు కట్టాక మార్చాలంటే డబ్బు, డబ్బంటే పంతం. 2007 సెప్టెంబరు 23న పీబీఎస్ టీవీ ఛానెల్‌లో మొదలైన కెన్ బర్న్స్ డాక్యుమెంటరీ ది వార్ సంగతి చూడండి. ఏడు భాగాలు, దాదాపు పదిహేను గంటలు, రెండో ప్రపంచ యుద్ధం మీద. అందులో లాటినోలు లేరని ఆ ఏడాది మొదట్లో బయటపడేసరికి సినిమా దాదాపు పూర్తయింది. వోసెస్ స్థాపించిన మ్యాగీ రీవస్-రొడ్రీగెస్, ఇంకొందరు కలిసి డిఫెండ్ ది ఆనర్ పేరుతో ఉద్యమం నడిపారు. వాళ్ళు దర్శకుడి దగ్గరే ఆగిపోలేదు. డబ్బెక్కడి నుంచి వస్తోందో చూశారు, అప్పట్లో కొంత ప్రజల సొమ్ముతో నడిచిన ఆ ఛానెల్‌నీ, స్పాన్సర్లనీ అడిగారు, కాంగ్రెస్‌లోని హిస్పానిక్ సభ్యుల్ని కలుపుకున్నారు. చివరికి దాదాపు 28 నిమిషాలు కొత్తగా చేర్చారు. ఇద్దరు లాటినో మాజీ సైనికులు, ఒక నేటివ్ అమెరికన్. చేర్చింది మాత్రం కొన్ని భాగాల చివర, అసలు కథ అయిపోయాక. చాలామందికి అదే మింగుడు పడలేదు. మూడేళ్ళ ముందే వెళ్ళి ఉంటే కథ లోపలే చోటు దొరికేదని నా నమ్మకం.

మాకూ సరిగ్గా అదే ఇవ్వజూపారు. బాత్రూములకి వెళ్ళే దారిలో విడిగా ఒక బోర్డు, స్పానిష్ పేర్లన్నీ అక్కడ. మా కమిటీలో సగంమంది సరే అన్నారు, అలిసిపోయి. మనవరాలు ఒప్పుకోలేదు. "మా పెదతాత ఇటలీలో చనిపోయాడు, బాత్రూము దారిలో కాదు. ఇటలీ ఫోటోలు ఎక్కడున్నాయో అక్కడే పెట్టండి" అంది. అప్పుడు మేం పన్నెండు పేర్లు, ఒక్కో పేరుకి ఒక్కో కాగితం, ఏ ఫోటో పక్కన ఏది రావాలో గుర్తుపెట్టిన గోడ బొమ్మ, మొత్తం ఒకే పేజీలో ఇచ్చాం. కొత్త ఫ్రేములకి 640 డాలర్లు చర్చివాళ్ళు టమాలేలు (మొక్కజొన్న పిండితో చేసే మెక్సికన్ వంటకం) అమ్మి పోగుచేశారు. నిజానికి మ్యూజియమే పెట్టుకోవాల్సిన ఖర్చది. కానీ "బడ్జెట్ లేదు" అనే మాట వాళ్ళ నోట్లోనే ఉండిపోయింది.

పన్నెండు అడిగితే తొమ్మిది ఒప్పుకున్నారు. మిగతా మూడింటికీ ఫోటోలు మసకగా ఉన్నాయన్నారు, మసకగానే ఉన్నాయి. వాటి కోసం ఇంకా వెతుకుతున్నాం.

తెరిచిన రోజు పెద్దాయన కోటు వేసుకుని వచ్చారు. ఇటలీ గోడ దగ్గర, అన్న ఫోటో ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. కాసేపటికి కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని నన్ను పిలిచారు. ఇంటిపేరులో ఎన్ అక్షరం మీద ఉండాల్సిన చిన్న వంకర గీత లేదు. "పెన్నుందా?" అన్నారు. మనవరాలు చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ రాత్రే మెయిల్ పెట్టాను, చర్చి పలక ఫోటో జత చేసి. సోమవారం మారుస్తామని జవాబొచ్చింది. మంగళవారం వెళ్ళి చూసొస్తాను.