బ్లూస్ ఎల్పీలో గొంతు పల్చగా వస్తోందా? కార్ట్రిడ్జ్ కొనేముందు అట్ట తిరగేయండి

బాగా రికార్డయిన బ్లూస్ ఎల్పీలు పోగేద్దామని మొదలుపెట్టిన వాళ్లందరూ కొన్నాళ్లకు ఒకే ప్రశ్న వేస్తారు: "మడ్డీ వాటర్స్ రికార్డు కొన్నాను, గొంతు ఎక్కడో దూరంగా ఉంది. కార్ట్రిడ్జ్ మార్చమంటారా?" (కార్ట్రిడ్జ్ అంటే గాడిలో నడిచే ముల్లు ఉండే చిన్న భాగం.) రికార్డు అట్ట వెనక ఏం రాసి ఉందని అడిగితే చూడలేదంటారు. ముందు అది చూడండి. దాదాపు ప్రతిసారీ జవాబు అక్కడే ఉంటుంది.

టర్న్‌టేబుల్ సమంగా ఉందా, బెల్టు సాగిందా, రికార్డు కడిగారా లాంటివి మీకు తెలుసనుకునే రాస్తున్నాను.

లక్షణం: రికార్డు ఒక్కో పక్క చివరి పాటల్లో గొంతు చిట్లుతోంది, "స", "ష"లు ఉమ్మినట్టు వస్తున్నాయి

కారణం ముల్లు. అందరూ దాటేసే తనిఖీ కూడా ఇదే. ఫోన్ కెమెరాను మాక్రోలో పెట్టి ఒక ఫొటో తీయండి. వజ్రం చివర బూడిదరంగు ధూళి ఉండకట్టి కనిపిస్తే మీ సమస్య చాలావరకు అదే. బ్రష్‌తో వెనక నుంచి ముందుకే తుడవాలి, పక్కలకు తుడవకూడదు.

ఆ తర్వాత ముల్లు మీద పడే బరువు. టోన్‌ఆర్మ్ (ముల్లును మోసే చేయి) మీది అంకెల్ని నమ్మకుండా చిన్న డిజిటల్ గేజ్‌తో కొలవండి. ఆడియో టెక్నికా వీఎం95ఈకి 2 గ్రాములు, ఆర్టోఫోన్ 2ఎం రెడ్‌కి 1.8 గ్రాములు పెట్టాలి. బరువు తగ్గిస్తే రికార్డు తక్కువ అరుగుతుందని కొందరు 1.2 దగ్గర పెట్టుకుంటారు. జరిగేది దానికి రివర్స్. ముల్లు గాడిలో నిలవక ఎగిరెగిరి పడి గోడల్ని కొడుతుంది. పాత రికార్డును కడిగి, ముల్లు తుడిచి, బరువు సరిచేసినా చిట్లుతుంటే గాడిని పాత యజమాని ఎప్పుడో అరగదీసేశాడని అర్థం. దానికి మందు లేదు.

ఇంకో అలవాటు చేసుకోండి. సిస్టమ్‌ని అనుమానించే ముందు, బాగుందని తెలిసిన ఒక రికార్డు వేసి చూడండి. బ్లూస్‌లో దానికి నేను వాడేది మడ్డీ వాటర్స్ 'ఫోక్ సింగర్'. 1963 సెప్టెంబరులో షికాగోలో రికార్డు చేసి, 1964లో చెస్ కంపెనీ విడుదల చేసింది. మడ్డీ, అకూస్టిక్ గిటార్ మీద బడ్డీ గై, బేస్ మీద విల్లీ డిక్సన్, డ్రమ్స్ మీద క్లిఫ్టన్ జేమ్స్, అంతే. నిజమైన స్టీరియో. గది తెలుస్తుంది, తీగను లాగి వదిలిన దెబ్బ తెలుస్తుంది, గొంతు గుసగుస నుంచి ఒక్కసారిగా లేచినప్పుడు ఉలిక్కిపడతాం. ఇది మీ సిస్టమ్ మీద బాగా పలికిందంటే సిస్టమ్‌లో ఏ లోపమూ లేదు, తప్పు మీరు అనుమానించిన ఆ రికార్డుదే. ఇది కూడా పల్చగానే ఉందంటే పైకి వెళ్లి ముల్లు సంగతి చూడండి.

లక్షణం: రికార్డు శుభ్రంగా ఉంది, చరచర లేదు, అయినా గొంతు నడిమధ్యన నిలవడం లేదు. ఒక స్పీకర్ మందంగా, ఇంకోటి సన్నగా ఉంది

డబ్బులు ఊరికే పోయేది ఇక్కడే. ఈ లక్షణం అచ్చం కార్ట్రిడ్జ్ వంకరగా బిగించినట్టే ఉంటుంది, లేదా ఒక ఛానెల్ పోయినట్టు. అందుకే జనం ముందు అజిమత్ (ముల్లు నిటారుగా నిలిచే కోణం) సరిచేస్తారు, తర్వాత వైర్లు మారుస్తారు, తర్వాత కార్ట్రిడ్జ్, చివరికి ఫోనో స్టేజ్ (కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ను పెంచే పెట్టె). మిత్రుడొకాయన బ్లూస్ గాయకుడు హౌలిన్ వుల్ఫ్ రికార్డొకదాని కోసం ఈ వరసంతా పూర్తిచేశాడు. నేను వెళ్లి అట్ట తిరగేశాను. వెనక కింది మూలన, చీమ తలకాయంత అక్షరాల్లో, స్టీరియో అనిపించేలా ఎలక్ట్రానిక్ పద్ధతిలో మార్చామన్న వాక్యం ఉంది. ఫేక్ స్టీరియో.

దీని కథ తెలిస్తే ఏ రికార్డును అనుమానించాలో మీకే తెలుస్తుంది. స్టీరియో ఎల్పీలు 1958లో మార్కెట్లోకి వచ్చాయి. చాలాకాలం మోనో (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చే) రికార్డు ఒక డాలరు తక్కువకు దొరికేది. 1967లో అమెరికన్ కంపెనీలు రెండింటి ధరా ఒకటి చేసేశాయి. దాంతో మోనోను అడిగేవాడే లేకుండా పోయాడు, దుకాణాలూ పెట్టుకోవడం మానేశాయి. మరి 50ల్లో మోనోలో రికార్డయిన పాటల్ని ఎలా అమ్మాలి? ఒక్క ఛానెల్‌ని తీసుకుని రెండు చేశారు. ఒక పక్క బేస్ కోశారు, రెండో పక్క ట్రెబుల్ కోశారు, ఒకదాన్ని సెకనులో వెయ్యో వంతుల లెక్కన కాస్త ఆలస్యం చేశారు, కొన్నిచోట్ల పైన ఎకో కూడా చల్లారు. కాపిటల్ దీనికి 'డ్యూయోఫోనిక్' అని పేరు పెట్టుకుంది. కొలంబియా అట్టల మీద 'ఎలక్ట్రానికల్లీ రీ-ఛానెల్డ్ ఫర్ స్టీరియో' అని, ఆర్‌సీఏ అట్టల మీద 'ఎలక్ట్రానికల్లీ రీప్రాసెస్డ్' అని ఉంటుంది. 1969లో చెస్ చేతులు మారాక ఆ లేబుల్ మీద వచ్చిన పాత పాటల సంకలనాలను మరీ జాగ్రత్తగా చూడండి.

పెద్ద ఆర్కెస్ట్రా రికార్డు ఈ దెబ్బను ఎలాగో తట్టుకుంటుంది. బ్లూస్ తట్టుకోలేదు. ఉండేది ఒక గొంతు, ఒక గిటార్, ఒక హార్మోనికా. మూడూ ఇంచుమించు ఒకే శ్రుతి మేరలో పలుకుతాయి. ఆ మేరను నిలువునా చీలిస్తే మనిషి గొంతే రెండు ముక్కలవుతుంది. లిటిల్ వాల్టర్ మైకునీ హార్మోనికానీ రెండు చేతుల్లో కలిపి పట్టుకుని ఆంప్లిఫయర్‌లోకి ఊదేవాడు. ఆ గరగర, దాని వెనక ఉన్న బరువు, రెండూ కలిస్తేనే అది వాల్టర్. ఫేక్ స్టీరియోలో గరగర ఒక పక్కకు, బరువు ఇంకో పక్కకు పోతాయి.

పరీక్ష ఇలా చేయండి. ఆంప్లిఫయర్ బ్యాలెన్స్ నాబ్‌ని పూర్తిగా ఎడమకు తిప్పి అర నిమిషం, పూర్తిగా కుడికి తిప్పి అర నిమిషం వినండి. నిజమైన మోనో అయితే రెండు పక్కలా ఒకే శబ్దం వస్తుంది. నిజమైన స్టీరియో అయితే రెండు పక్కలా వేర్వేరు వాద్యాలు ముందుకొస్తాయి. అదే గొంతు, అవే వాద్యాలు ఒక పక్క దుప్పటి కప్పినట్టు, ఇంకో పక్క సన్నగా వస్తే దొంగ దొరికినట్టే. నాబ్ లేకపోతే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కో చెవీ తీసి చూడండి.

అట్ట మీద 'స్టీరియో' అన్న మాటను చూసి మోసపోవద్దు, నంబరును చూసి అసలే వద్దు. 'ఫోక్ సింగర్' మోనోకు ఎల్‌పీ-1483, స్టీరియోకు ఎల్‌పీఎస్-1483. ఆ ఎల్‌పీఎస్ అన్న ముందక్షరాలే ఫేక్ స్టీరియో రికార్డుల మీదా ఉంటాయి. చూడాల్సింది పాట రికార్డయిన ఏడాది. వుల్ఫ్ మొదటి ఎల్పీ 'మోనిన్ ఇన్ ద మూన్‌లైట్' 1959లో వచ్చింది కానీ, అందులో ఉన్నవి 1951 నుంచి తీసిన సింగిల్స్. రాబర్ట్ జాన్సన్ పాడింది 1936, 37ల్లో. వీటిలో స్టీరియో ఎక్కణ్నుంచి వస్తుంది? 1957కు ముందు పాడిన బ్లూస్ మీద స్టీరియో అని రాసి ఉంటే వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. 1958 నుంచి 63 దాకా ఒక్కో సెషన్‌నీ విడిగా చూసుకోవాల్సిందే.

చేతిలో అలాంటి రికార్డు ఇప్పటికే ఉంటే మోనో బటన్ నొక్కండి. బేస్, ట్రెబుల్ పంచి ఊరుకున్న రికార్డయితే రెండూ కలిసి గొంతు మళ్లీ మధ్యకొచ్చి కూర్చుంటుంది, హాయిగా వినొచ్చు. ఆలస్యం కూడా కలిపిన రికార్డయితే మోనోలో ఇంకా బోలుగా తయారవుతుంది. అప్పుడు రెండు ఛానెళ్లలో ఏది నయమో దాన్నే రెండు స్పీకర్లకూ పంపండి. ఎకో చల్లినదాన్ని మాత్రం ఎవరూ బాగుచేయలేరు. ఇప్పటి ఆంప్లిఫయర్లలో మోనో బటన్ ఉండటం తక్కువ. కొన్ని ఫోనో స్టేజ్‌లకు ఉంటుంది. అదీ లేకపోతే టర్న్‌టేబుల్‌కీ ఫోనో స్టేజ్‌కీ మధ్య రెండు వై-కేబుల్స్‌ని (రెండు తీగల్ని ఒకటిగా కలిపేవి) ఎదురెదురుగా కలిపి పెట్టండి. ఫోనో స్టేజ్ తర్వాత పెట్టొద్దు. రెండు అవుట్‌పుట్లను నేరుగా కలపడం మంచిది కాదు.

ఎలాగూ మోనో బటన్ సంపాదిస్తారు కాబట్టి ఇంకో మాట. అసలైన మోనో ఎల్పీకి కూడా దాన్ని నొక్కండి. మోనో గాడిలో సంగీతమంతా అడ్డంగానే కదులుతుంది. నిలువు కదలికలో ఉండేది దుమ్ము, గీతల శబ్దమే. స్టీరియో కార్ట్రిడ్జ్ రెండింటినీ ఎత్తుకొస్తుంది, మోనో బటన్ నిలువు భాగాన్ని తీసేస్తుంది. 50ల చెస్ ప్రెస్సింగుల్లో (అప్పటి అచ్చుల్లో) వినైల్ అంత గొప్పదేమీ కాదు, కాబట్టి తేడా గట్టిగానే తెలుస్తుంది. అలాంటివాటికి వేలు పోసే బదులు తర్వాతి మోనో రీఇష్యూలు (మళ్లీ అచ్చువేసినవి) కొనుక్కోవడమే తెలివి. జపాన్‌లో పి-వైన్ కంపెనీ వేసినవి దొరికితే వదలకండి.

లక్షణం: సీలు తీసిన కొత్త రికార్డు, గీతల్లేవు, కానీ ప్రాణం లేదు

అట్ట ముందు వినైల్ బరువు 180 గ్రాములని స్టిక్కర్ ఉండి, వెనక టేపు గురించి గానీ మాస్టరింగ్ ఇంజినీర్ గురించి గానీ ఒక్క మాట లేకపోతే అది సీడీ నుంచి కోసిన, అంటే సీడీ శబ్దంతోనే గాడి చెక్కిన, రికార్డు కావచ్చు. యూరప్‌లో రికార్డింగుల హక్కు 50 ఏళ్లే ఉండేది. 2013లో 70కి పెంచారు, కానీ అప్పటికే హక్కు తీరిపోయినవాటికి అది వర్తించలేదు. అంటే 1963కు ముందు విడుదలైన బ్లూస్ అంతా అక్కడ ఎవరైనా వేసుకోవచ్చు, చట్టప్రకారమే. హక్కు పోయినా అసలు టేపు మాత్రం పాత కంపెనీ దగ్గరే ఉంటుంది కదా. టేపు లేనివాళ్లకు దొరికేది సీడీయే.

గుర్తుపట్టడం సులువు. పక్కకు రెండు మూడు 'బోనస్ ట్రాక్స్' అదనంగా ఇరికించి ఉంటాయి. గ్రాముల బరువుకూ శబ్దానికీ పెద్ద సంబంధం లేదు. మందపాటి వినైల్ మీద కూడా చెత్త మాస్టరింగ్‌ని అంతే శ్రద్ధగా అచ్చువేయొచ్చు. లేబుల్ చుట్టూ ఉన్న ఖాళీ జాగాను టార్చి ఏటవాలుగా పట్టి చూడండి. మాస్టరింగ్ ఇంజినీర్ కెవిన్ గ్రే అయితే కేపీజీ, బెర్నీ గ్రండ్‌మన్ అయితే బీజీ, రయాన్ స్మిత్ అయితే ఆర్‌కేఎస్ అని చెక్కి ఉంటుంది. తన పేరు గీసుకున్న ఇంజినీర్ ఏ టేపు నుంచి కోశాడో సాధారణంగా అట్ట మీదా రాసి ఉంటుంది. ఉత్త నంబరే ఉంటే అనుమానించండి.

తయారీలో ఎక్కడో డిజిటల్ మెట్టు ఉన్నంత మాత్రాన రికార్డు చెడ్డదని గోల చేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. రీఇష్యూలు వేసే మొబైల్ ఫిడెలిటీ కంపెనీ తన రికార్డులకు డీఎస్‌డీ (ఒక రకం డిజిటల్) కాపీలు వాడుతోందని 2022లో బయటపడేదాకా ఎంతో చెవి ఉందనుకున్నవాళ్లు కూడా పట్టుకోలేకపోయారు. మంచి టేపు నుంచి జాగ్రత్తగా చేసిన డిజిటల్ కాపీ వేరు, బజారు సీడీ వేరు. దీనికి రిపేరు లేదు, అమ్మేసి మంచిది కొనుక్కోవడమే. కాన్సస్‌లోని సలీనా నుంచి అనలాగ్ ప్రొడక్షన్స్ వేసే బ్లూస్ రీఇష్యూలు ఖరీదే, పైగా మనదాకా రావాలంటే కస్టమ్స్ కూడా కట్టాలి. అయినా మూడు అనుమానపు రికార్డుల డబ్బుతో అలాంటిది ఒకటి కొనడం నయం.

లక్షణం: ఏ ప్రెస్సింగ్ కొన్నా హోరే

చార్లీ ప్యాటన్, 1930 నాటి సన్ హౌస్ అయితే అంతే. విస్కాన్సిన్‌లోని పారమౌంట్ కంపెనీ వేసిన ఆ రికార్డింగుల లోహపు మాస్టర్లు పోయాయి. మిగిలింది జనం అరగదీసిన 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు). మనం కొనే ప్రతి ఎల్పీ వాటి నుంచి తీసిందే. ప్రేమ ఉంటే కొనండి, కానీ 'బాగా రికార్డయినవి' అన్న అరలో పెట్టుకుని బాధపడకండి. ఆ అరలోకి ఓటిస్ స్పాన్ 1960లో కాండిడ్‌కు చేసిన 'ఓటిస్ స్పాన్ ఈజ్ ద బ్లూస్', జూనియర్ వెల్స్ 1965లో డెల్మార్క్‌కు చేసిన 'హూడూ మ్యాన్ బ్లూస్' తెచ్చుకోండి. రెండో దాంట్లో బడ్డీ గై ఆంప్లిఫయర్ మధ్యలో మొరాయిస్తే గిటార్‌ని ఆర్గన్ తాలూకు లెస్లీ స్పీకర్‌లోంచి వాయించారు. ఆ సుడి తిరిగే శబ్దం విని టర్న్‌టేబుల్ స్పీడు తేడా అనుకోవద్దు.

మిగతావి

రంధ్రం మధ్యలో లేక శ్రుతి ఊగడం అరుదు, రికార్డు మార్పించుకోండి. వానాకాలం బూజు పడితే కడిగితే పోతుంది. రాబర్ట్ జాన్సన్ పాటల్ని స్పీడు పెంచి అచ్చువేశారన్న వాదన సరదాకు బాగుంటుంది, మీ పిచ్ కంట్రోల్ (స్పీడు మార్చే నాబ్) జోలికి మాత్రం పోకండి. ఈక్వలైజేషన్ కర్వుల (బేస్, ట్రెబుల్ సవరణల) చర్చ 78లు వినేవాళ్లకు వదిలేయండి.

వాడిన రికార్డు ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు అమ్మేవాణ్ని రెండు ఫొటోలు అడగండి: అట్ట వెనక కింది భాగం, లేబుల్ పక్కన చెక్కిన అక్షరాలు. ముందువైపు బొమ్మ ఒక్కటే మళ్లీ మళ్లీ పంపేవాడి దగ్గర కొనకండి.