వంటింటి బ్యాక్టీరియా, 4వ పాఠం: గుండిగ చల్లార్చే లెక్క

స్పోర్ అంటే గడ్డుకాలంలో బ్యాక్టీరియా తన లోపల కట్టుకునే గట్టి గింజ అని పోయిన పాఠంలో చెప్పుకున్నాం. ఇవాళ అలాంటి గింజ కట్టే క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్‌ను దృష్టిలో పెట్టుకుని, మిగిలిన మాంసం కూర చల్లార్చడం నేర్చుకుందాం.

ఇది మట్టిలోనూ, మనుషుల, పశువుల పేగుల్లోనూ మామూలుగా ఉండేదే. మాంసం ఎంత కడిగినా కొన్ని స్పోర్లు గుండిగలోకి రావచ్చు. దీనికి గాలి గిట్టదు. కూర మరిగితే అందులో కరిగిన ఆక్సిజన్ పోతుంది, పోటీకొచ్చే బ్యాక్టీరియా చస్తుంది. స్పోర్లు మాత్రం చావవు సరికదా, ఆ వేడికే నిద్ర లేస్తాయి! అంటే దానికి ఇల్లు ఊడ్చి, ముగ్గేసి పెట్టేది మనమే.

కూర 50 డిగ్రీలకు దిగిందంటే పెరుగుదల మొదలు. 45 దగ్గర సుమారు 10 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. లెక్క వేయండి: 100 కణాలు, 3 గంటలు, 18 రెట్టింపులు. 2 కోట్ల 62 లక్షలు! నిజం గుండిగలో వేడి మారుతూ ఉంటుంది కాబట్టి ఇంత కచ్చితంగా రాదు, కానీ వేగం అర్థమవుతుంది.

అలా పెరిగినవి కడుపులోకి వెళ్లాక పేగుల్లో మళ్లీ స్పోర్లు కడుతూ విషం వదులుతాయి. 6 నుంచి 24 గంటల్లో కడుపునొప్పి, విరేచనాలు. వాంతులు, జ్వరం అరుదు. చాలామందికి ఒక్క రోజులో తగ్గిపోతుంది. రాత్రి విందు చేసిన తప్పు పొద్దుటి టిఫిన్ మీద పడేది ఇందుకే.

ఇక పని. కూరను 57 డిగ్రీల నుంచి 21కి 2 గంటల్లో, అక్కడి నుంచి 5కి మరో 4 గంటల్లో దించాలి. మొదటి గడువు దాటనివ్వకండి, ఎందుకంటే పరుగంతా అక్కడే. కూరను రెండంగుళాల లోతుకు మించకుండా వెడల్పు ట్రేల్లో పోసి, ఐసు నీళ్లలో పెట్టి కలుపుతూ ఉండండి. మే నెలలో గది వేడే 35 దాటితే, ఐసు లేకుండా 21కి దిగడం కలలో మాట. తిరిగి వాడేటప్పుడు గోరువెచ్చగా కాదు, కుతకుతా ఉడకనివ్వాలి.

అభ్యాసం: 5 లీటర్ల నీళ్లు మరిగించి సగం గిన్నెలోనే ఉంచండి, సగం ట్రేలో పోసి ఐసు నీళ్లలో పెట్టండి. అరగంటకోసారి థర్మామీటర్‌ను మధ్యలోకి దించి, రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోండి. అంచున కొలవొద్దు, అక్కడ ముందే చల్లబడుతుంది.